చింతగింజలు చెప్పిన సైన్సు

చింతపండు కొట్టాక మిగిలిన గింజల్ని మనమేం చేస్తాం? పిల్లలకు వామనగుంటలు ఆడుకోమని ఇస్తాం, లేదంటే పారేస్తాం. గిద్దలూరు దగ్గర పల్లెలో సైన్సు టీచరుగా ఉన్న మా వదిన మాత్రం డబ్బా నిండా దాచుకుంటుంది. రేడియోధార్మికత పాఠానికి అవే ఆమె ల్యాబు!

'అర్ధజీవిత కాలం' అనగానే పిల్లలు నిర్వచనం బట్టీ పట్టేస్తారు. వదిన ఒప్పుకోదు. 64 గింజలు తీసుకుని, ఒక్కోదానికి ఒకవైపే సున్నం బొట్టు పెట్టిస్తుంది. చేటలో పోసి, బాగా కుదిపి నేలమీద పోయాలి. బొట్టు పైకి పడ్డవి పక్కన పెట్టాలి. అవి మారిపోయిన పరమాణువులన్నమాట. మిగిలినవాటితో మళ్ళీ ఆట. లెక్క మన మార్కాపురం పలక మీదే! 64, తర్వాత ముప్పై చిల్లర, పదహారు దరిదాపు, ఎనిమిదో తొమ్మిదో...

"ఒకసారికి సగం పోతే రెండోసారికి అన్నీ పోవాలి గదా టీచర్?" అంటాడొకడు. ఆడి చూశాక వాడే చెబుతాడు, పోయేది మిగిలినదాంట్లో సగమని. ఏ గింజ ఎప్పుడు పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఈ లెక్క పరీక్షకే కాదు, కాపురానికీ పనికొస్తుంది. మా వీధిలో ఒక ఇల్లాలికి థైరాయిడ్ జబ్బుకు రేడియో అయొడిన్ ఇచ్చారు. కొన్నాళ్ళు పసిపిల్లలకు దూరంగా ఉండమన్నారు. ఆ గడువు దాటి నాలుగో నెల వచ్చినా ఇంట్లో ఆమె కంచం వేరు, గ్లాసు వేరు. రెండేళ్ళ కొడుకు కాళ్ళకు చుట్టుకుంటే అత్తగారు లాగేసేవారు. "నాకేమన్నా అంటురోగమా అక్కా?" అని నా దగ్గర ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం గింజలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. "పిన్నిగారూ, ఆ అయొడిన్‌కు సుమారు 8 రోజులకోసారి సగం పోతుంది. ఒక్కో ఆట 8 రోజులనుకోండి" అన్నాను. ఆవిడే చేట కుదిపారు. ఏడెనిమిది ఆటలకు గింజలు ఖాళీ! పది ఆటలంటే 80 రోజులు. అప్పటికి వెయ్యో వంతు కూడా మిగలదు. పైగా మొదటి కొద్దిరోజుల్లోనే చాలా భాగం మూత్రంలో పోతుంది.

"ఈ మాట ఇట్టా ఎవరూ చెప్పలేదే అమ్మాయ్!" అన్నారావిడ. గ్లాసు సంగతి తేలలేదు గానీ, ఆ రోజు పిల్లాడు తల్లి పక్కనే పడుకున్నాడు.

ఎన్నాళ్ళు దూరముండాలో మోతాదును బట్టి డాక్టరే చెప్పాలి. ఆ మాట దాటకూడదు. దాటాల్సిన అవసరం లేకుండానే ఆ దూరానికి ఒక చివర ఉంటుంది. అది తెలియకే ఆడవాళ్ళు వెలిపడ్డట్టు బతకాల్సి వస్తోంది.

అన్నిటి గడువూ ఒకటి కాదు. మన పక్కనున్న కడప జిల్లా తుమ్మలపల్లె గనిలోని యురేనియం సగం కావాలంటే సుమారు 450 కోట్ల ఏళ్ళు. ఒక్క ఆటకే దాదాపు భూమి వయసంత కాలం! 'రేడియోధార్మిక' అన్న మాటను 1898లో లోకానికి పరిచయం చేసింది క్యూరీ దంపతులు. అప్పటికి మేరీ క్యూరీ ఏడాది నిండని పాపకు తల్లి.

మీ పిల్లలతో ఆడి చూడండి. పది గింజలైతే లెక్క అటూ ఇటూ అవుతుంది, ఎన్ని ఎక్కువుంటే అంత సరిగ్గా సగానికి వస్తుంది. గింజలు లేకపోతే రూపాయి బిళ్ళలు చాలు. గవ్వలు మాత్రం వద్దు, అవి రెండువైపులా సమంగా పడవు!