బ్లాజె కోనెస్కి భాషాసేవ
తన మాతృభాషకు బడిలో చోటులేని బాలుడు ఆ భాషకే వ్యాకరణకర్త యగుట అరుదు. మాసిడోనియా కవి బ్లాజె కోనెస్కి అట్టివాడు. 1921లో ప్రిలెప్ చేరువ నెబ్రెగోవో గ్రామమున జన్మించెను. నాటి యుగోస్లావియా రాజ్యమున మాసిడోనియా వారి బడులలో సెర్బు భాషయే బోధింపబడెను. స్వభాష యింటికే పరిమితమయ్యెను. 1945లో ఆ భాషకు అక్షరమాలను, వర్ణక్రమమును నిర్ణయించిన పండితులలో ఆయన యొకడు. పిమ్మట వ్యాకరణము రచించెను. మూడు సంపుటముల నిఘంటువునకు సంపాదకుడయ్యెను. ‘వెజిల్కా’ మున్నగు స్వీయకావ్యములతోబాటు షేక్స్పియరు ‘ఒథెల్లో’ను, హైనె గీతములను, న్యెగోష్ కావ్యమును అనువదించి, పల్లెపలుకునకు మహాకవుల వాక్కును మోయు సత్తువ కలదని నిరూపించెను. 1993లో దివంగతుడయ్యెను. శాసనము భాషకు పదవి నీయవచ్చును. ప్రాణము పోయువాడు కవియే యని మేము తలంచెదము.