సీతమ్మకు హంస, మా ఆవిడకు నాటు పడవ

ముక్కోటి ఏకాదశికి ముందు రోజు సాయంత్రం భద్రాచలంలో తెప్పోత్సవం. హంస వాహనం మీద సీతారాములు గోదావరిలో విహరిస్తుంటే రేవు నిండా జనం, పైన బాణసంచా. ఆ జనాన్ని చేరవేసే బస్సుల్లో ఇరవై ఏడేళ్లు కండక్టరుగా టికెట్లు కొట్టాను. అన్నేళ్లలో ఉత్సవాన్ని నిలబడి చూసింది రెండుసార్లే. మిగతా అన్నిసార్లూ బస్టాండులో ‘దుమ్ముగూడెం, పర్ణశాల, చర్ల’ అని అరుస్తూనే ఉన్నాను. రెండోసారి చూసినప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది.

“ఏడాదికొకసారైనా రాముడు పెళ్లాన్ని పడవెక్కించాడు. నువ్వు బస్సు తప్ప ఏమెక్కించావయ్యా?” అంది.

రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో పిల్లలకు ఇవ్వగా మిగిలినదాంతో పర్ణశాల రేవులో ఒక ముసలి జాలరి దగ్గర నాటు పడవ కొన్నాను. ఇంజన్ లేదు. రెండు తెడ్లు, ఒక వెదురు గడ, తాడు కట్టిన లంగరు రాయి, అంతే. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. డబ్బు లెక్కపెట్టుకున్నాక బాబాయ్ ఒక మాట చెప్పాడు: “దీన్ని ఒడ్డున ఎండబెట్టకు, నీళ్లు తాగుద్ది.”

ఆ మాట నా చెవికెక్కలేదు. కొత్త మురిపెంతో రంగేసి, ఆరాలని నెల రోజులు ఎండలో బోర్లించాను. ఎండకు చెక్క ముడుచుకుంటుందని, పలకల మధ్య సందులు విచ్చుకుంటాయని అప్పుడు నాకు తెలీదు. మొదటి రోజు నది మధ్యకు వెళ్లేసరికి చీలమండల దాకా నీళ్లు. మా ఆవిడ టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, మూత కోసిన నూనె డబ్బాతో నీళ్లు తోడుతూ పోయింది. ఒడ్డుకొచ్చేసరికి నూట నలభై డబ్బాలట. నేను లెక్కపెట్టలేదు, ఆమె పెట్టింది. ఇప్పటికీ ఇంట్లో ఏ వాదన వచ్చినా ఆ నూట నలభై దగ్గరే తేలుతుంది. తర్వాత బాబాయే వచ్చి సందుల్లో దూది, పాతగుడ్డ పేలికలు ఉలితో కూరి, పైన తారు పూశాడు. పడవను రెండు రోజులు నీళ్లలో ముంచి ఉంచమన్నాడు. చెక్క నాని ఉబ్బింది, సందులు వాటంతటవే బిగుసుకున్నాయి.

పర్ణశాలకు వచ్చేవాళ్లు చూసేది సీతమ్మ వాగు. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులని అక్కడి రాళ్ల మీద చారలు చూపిస్తారు, పసుపు కుంకుమల రాళ్లని రంగు రాళ్లు చూపిస్తారు. రావణుడు రథం నిలిపిన గుట్ట నదికి ఆవలి వైపు ఉందంటారు. పంచవటి మాదేనని నాసిక్ వాళ్లు అంటారు. అదీ గోదావరి ఒడ్డే, ఇదీ గోదావరి ఒడ్డే, తగవు ఆమే తీర్చుకుంటుంది. మా మటుకు మాకు రేవులో పడవ విప్పాక గుడి గంట ఎంతసేపు వినపడుతుందన్నదే ముచ్చట. గాలి లేని పొద్దున చాలాసేపే వినపడుతుంది.

దిగువకు దుమ్ముగూడెం వైపు పోతాం. బస్సులో గుంతలన్నీ లెక్కేసుకున్నా అరగంట దారి లేదు. పడవలో సగం పూట. నీళ్లను చదవడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. సన్నగా చిరు అలలు లేస్తుంటే కింద ఇసుక తిన్నె పైకొచ్చినట్టు. నీళ్లు ఒకచోట నునుపుగా ఉబ్బి, దాని కిందుగా సుడి తిరుగుతుంటే అడుగున రాయి ఉన్నట్టు. నల్లగా నెమ్మదిగా కనిపించేది లోతు. ఇంత తెలిసీ తిన్నె ఎక్కిస్తూనే ఉంటాను. అప్పుడు మా ఆవిడ చీర కుచ్చెళ్లు దోపుకుని దిగి, వెనక నుంచి ఒక్క తోపు తోసి “రైట్ రైట్” అంటుంది. కండక్టర్ పెళ్లాం కదా.

దుమ్ముగూడెంలో ఆనకట్ట అడ్డొస్తుంది. అక్కడ పడవ కట్టేసి, పాత లాకుల దగ్గర చెట్టు నీడన అన్నం తింటాం. ఈ నదిని నాగపూర్ వైపు నుంచి సముద్రం దాకా పడవల రహదారిగా మార్చాలని కాటన్ దొర ఆలోచన. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక ఆయన చూపు పైకి మళ్లింది. దొర పేరు కాటన్, మోయించాలనుకున్నదీ ముఖ్యంగా పత్తే, విదర్భ పత్తి. దారిలో పడవలు దాటలేని రాతి పట్టీలు మూడున్నాయి: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. వాటిని దాటించే పని కెప్టెన్ హేగ్ అనే ఇంజినీరు చూశాడు.

దాటించే ఉపాయం లాకు. నది పక్కన కాలువ తవ్వి, అందులో రెండు తలుపుల మధ్య తొట్టి కడతారు. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపు మూసి నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది. అప్పుడు ముందు తలుపు తీస్తే పై మట్టం నీళ్లలోకి జారుకుంటుంది. కిందికి రావాలంటే నీళ్లు వదిలేయడమే. మా ఆవిడకు ఇది అన్నం గిన్నెలో మంచినీళ్లు పోసి, వేపాకు తేల్చి చూపించాను. “మనిషి ఎక్కే మెట్లు నీళ్లకు కట్టారన్నమాట,” అంది. ఇంజినీరింగ్ పుస్తకంలో ఇంతకంటే బాగా రాసి ఉండరు.

అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు ఆగిపోయినన్నాళ్లూ ఈ పథకానికి ఊపు ఉండేది. ఆ యుద్ధం 1865లో ముగిసింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి అటు వెళ్లిపోయింది. గోదావరి చూస్తే ఏడాదిలో కొన్ని నెలలే పెద్ద పడవలకు చాలినంత లోతుగా ఉంటుంది. డబ్బు పారుతూనే ఉంది, పని తెమలలేదు, 1871లో ఆపేశారు. ఇవాళ ఆ దారిన సరుకు పడవ ఒక్కటీ సాగదు. రాతికట్టు పని మాత్రం చూడాలి, సున్నం ఇంకా వదల్లేదు.

జూన్ చివర నుంచి అక్టోబరు దాకా మేం పడవ దించం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. ఆ ఏడు పడవను ఈత తాళ్లతో ఊరి వైపు తుమ్మచెట్టుకు కట్టి, మేం పునరావాస కేంద్రానికి వెళ్లిపోయాం. వరద తీశాక వచ్చి చూస్తే పడవ అదే చెట్టు కొమ్మల్లో, మనిషెత్తున, బోర్లా వేలాడుతోంది. దించడానికి ఆరుగురు పట్టారు. లోపల ఎవరిదో పీట దొరికింది, ఇంట్లో వాడుతున్నాం.

వరద నీటితో సరసం కూడదని అంతకు ముందే తెలుసు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర వరదలో మునిగిపోయింది. మర్నాడే మా ఆవిడ రెండు లైఫ్ జాకెట్లు తెప్పించింది. చలికాలంలో మోకాలి లోతు నీళ్లలోనూ తొడుక్కోమంటుంది, నేనూ మారుమాట్లాడను. వేరే మనుషుల్ని ఎక్కించుకోం. “టికెట్ ఎంత?” అని రేవులో టూరిస్టులు అడిగితే, జీవితంలో మొదటిసారిగా, సీట్లు లేవని చెప్పే హక్కు నాకొచ్చింది.

తిరుగు ప్రయాణమే కష్టం, ఎదురు నీళ్లు. మార్చి దాటితే సాయంత్రాలు దక్షిణపు గాలి తిరుగుతుంది. అప్పుడు గడను నిలబెట్టి, అడ్డంగా ఒక కర్ర కట్టి, మా ఆవిడ పాత నేత చీరను తెరచాపగా విప్పుతాం. జరీ చీర పనికిరాదు, గాలి పట్టదు. నేత చీర బొర్ర పోసుకుని పడవను ఈడ్చుకుపోతుంటే తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే. మొన్నోసారి గాలి ఉన్నట్టుండి మళ్లి చీర కాస్తా నీళ్లలో పడింది. పర్ణశాలకు కూతవేటు దూరంలో తిన్నె మీద దిగి, రెండు కొసలూ చెరొకరం పట్టుకుని పిండి, రాళ్ల మీద ఆరేశాం. అప్పుడే ఒక ఇంజన్ పడవ నిండా యాత్రికులు అటుగా వచ్చారు. అందులో ఒక పెద్దావిడ ఆరేసిన చీరను చూసి, గబగబా చెంపలేసుకుని దణ్ణం పెట్టింది.

మా ఆవిడ తల పక్కకు తిప్పుకుని, “చెప్పొద్దు, పోనీ,” అంది.