గుడ్డు పెట్టి పాలిచ్చే తల్లులు

నంద్యాల జిల్లాలోని గడివేముల వంటి ఏ పల్లెలోనైనా రైతు ఇంట రెండు దృశ్యాలు సర్వసాధారణం. ఒక మూల గంపలో కోడి గుడ్లను పొదుగుతూ ఉంటుంది. కొట్టంలో ఈనిన గేదె దూడకు పాలిస్తూ ఉంటుంది. కోడి పాలివ్వదు, గేదె గుడ్డు పెట్టదు. ఈ భేదం పసిపిల్లలకు సైతం తెలిసినదే. ప్రాచీన భారతీయులు ప్రాణికోటిని పుట్టుకను బట్టి నాలుగు విధాలుగా విభజించారు. గుడ్డు నుండి పుట్టేవి అండజాలు. మావితో కూడి తల్లి గర్భం నుండి పుట్టేవి జరాయుజాలు. చెమట నుండి పుడతాయని భావింపబడినవి స్వేదజాలు. నేలను చీల్చుకొని మొలకెత్తేవి ఉద్భిజ్జాలు. ఈ విభజనలో పాలిచ్చే జంతువులన్నీ జరాయుజాలే. గుడ్డు పెట్టే జంతువు పాలిస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాట కుందేటి కొమ్ము వంటిదని పెద్దలు నవ్వి ఊరుకొని ఉండేవారు.

ఐరోపా పండితులు కూడా ఈ విషయంలో భిన్నంగా ఆలోచించలేదు. అయితే పద్దెనిమిదవ శతాబ్దం చివర ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఒక ఎండిన చర్మం వారి నమ్మకాన్ని కదిలించింది. ఆ జంతువు శరీరమంతా మెత్తని దట్టమైన బొచ్చు ఉన్నది. ముఖానికి బాతు ముక్కు వంటి ముక్కు ఉన్నది. కాళ్ళకు ఈతకు అనువైన తోలు, వెనుక వెడల్పాటి తోక ఉన్నాయి. 1799లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని తొలిసారిగా వర్ణించాడు. ఎవరో ఒక జంతువు తలకు బాతు ముక్కును అతికించి మోసగిస్తున్నారేమోనన్న అనుమానం తనకు కలిగినట్లు ఆయనే ఒప్పుకొన్నాడు. ఆ జంతువే ప్లాటిపస్.

చర్మం నిజమైనదేనని తేలిన తరువాత అసలు వివాదం మొదలైనది. ప్లాటిపస్ శరీర నిర్మాణాన్ని పరిశీలించగా మలము, మూత్రము, సంతానము అన్నీ ఒకే ద్వారం గుండా వెలువడతాయని తెలిసింది. ఇది పక్షులలోను, సరీసృపాలలోను కనిపించే లక్షణం. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జెఫ్రాయ్ సెయింట్ హిలేర్ ఈ లక్షణాన్ని బట్టి ఇటువంటి జంతువులకు ‘ఏకరంధ్ర జీవులు’ అని అర్థం వచ్చే మోనోట్రిమేటా అనే పేరు పెట్టాడు. వీటికి స్తనాలు కనిపించడం లేదు కనుక ఇవి క్షీరదాలు కావని ఆయన వాదించాడు. 1824లో జర్మనీకి చెందిన యోహాన్ మెకెల్ ఆడ ప్లాటిపస్‌లో క్షీరగ్రంథులు ఉన్నాయని ప్రకటించాడు. పాలు ఉన్నాయంటే క్షీరదమే. మరి క్షీరదం గుడ్డు పెట్టగలదా? ఇంగ్లండులో మహా పండితునిగా పేరొందిన రిచర్డ్ ఓవెన్ పెట్టలేదనే నిశ్చయానికి వచ్చాడు. గుడ్డు తల్లి కడుపులోనే పగిలి పిల్ల బయటికి వస్తుందని ఆయన భావించాడు.

ఇందులో విచారింపదగిన విషయం ఒకటి ఉన్నది. ప్లాటిపస్ గుడ్లు పెడుతుందని ఆస్ట్రేలియా ఆదివాసులు 1820ల నాటికే శ్వేతజాతీయులకు చెప్పారు. ఆ నదుల ఒడ్డున తరతరాలుగా జీవిస్తున్న వారి మాట సాక్ష్యంగా చెల్లలేదు. పండితులు తమ కంటితో గుడ్డును చూడనిదే నమ్మలేదు. ఆ గుడ్డు కనిపించడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది.

విలియం కాల్డ్‌వెల్ అనే యువ శాస్త్రజ్ఞుడు 1883లో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియా చేరాడు. క్వీన్స్‌లాండ్‌లోని బర్నెట్ నది ఒడ్డున విడిది చేసి, అనేకమంది ఆదివాసుల సాయంతో అన్వేషణ సాగించాడు. 1884 ఆగస్టులో ఒక ఆడ ప్లాటిపస్‌ను కాల్చి చంపగా, అది అప్పటికే ఒక గుడ్డు పెట్టినట్లు, రెండవ గుడ్డు వెలువడడానికి సిద్ధంగా ఉన్నట్లు కనిపించింది. కాల్డ్‌వెల్ పంపిన తంతి వార్త సెప్టెంబర్ 2న కెనడాలోని మాంట్రియల్‌లో జరుగుతున్న బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సభకు అందింది. ఏకరంధ్ర జీవులు గుడ్లు పెడతాయని, వాటి గుడ్డు పక్షి గుడ్డువలె పచ్చసొనతో కూడి, పూర్తిగా విభజన చెందక ఒక భాగంలో మాత్రమే విభజన చెందుతుందని ఆ వార్త సారాంశం. చిత్రమేమంటే, అదే రోజున ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో విల్‌హెల్మ్ హాకె అనే మరొక శాస్త్రజ్ఞుడు ఎకిడ్నా అనే జంతువు సంచిలో తనకు దొరికిన గుడ్డును సభికులకు చూపాడు. ఎనభై ఐదేండ్ల వివాదం ఒక్కరోజుతో ముగిసింది. కాని దాని మూల్యం స్వల్పం కాదు. కాల్డ్‌వెల్ పరిశోధన కొరకే వేయికి పైగా ఎకిడ్నాలు ప్రాణాలు కోల్పోయాయి.

నేడు భూమిపై ఇటువంటి జంతువులు ఐదు జాతులే ఉన్నాయి. వాటిలో ఒకటి ప్లాటిపస్. మిగిలిన నాలుగు ఎకిడ్నాలు. ఇవన్నీ ఆస్ట్రేలియాలోను, న్యూగినీ దీవిలోను మాత్రమే నివసిస్తాయి.

వీటి సంతానోత్పత్తి విధానం ఆశ్చర్యకరమైనది. ఆడ ప్లాటిపస్ నది ఒడ్డున పొడవైన బొరియ త్రవ్వి, తడి ఆకులను తోకతో పట్టి తెచ్చి పక్క పరచుకొంటుంది. బొరియ దారిని అక్కడక్కడ మట్టితో మూసివేస్తుంది. అందులో సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. అవి కోడిగుడ్డువలె పెళుసుగా ఉండవు. బల్లి గుడ్డువలె మెత్తని పెంకుతో, రేగుపండు పరిమాణంలో ఉంటాయి. తల్లి వాటిని పొట్టకు, తోకకు నడుమ అదుముకొని సుమారు 10 రోజులు పొదుగుతుంది. పిల్ల ముక్కు కొనపై మొలిచిన చిన్న దంతంతో పెంకును చీల్చుకొని బయటికి వస్తుంది. అప్పటికి దానికి కళ్ళు తెరుచుకోవు, ఒంటిపై వెంట్రుక ఉండదు. తల్లికి చనుమొనలు లేవు. పొట్టపై వెంట్రుకల నడుమ రెండు చోట్ల చెమట ఊరినట్లు పాలు ఊరుతాయి. పిల్ల ఆ పాలను మూడు నాలుగు నెలల పాటు త్రాగి పెరుగుతుంది. చనుమొన లేనందున పాలు పిల్ల నోటికి చేరేలోగా గాలిని, మట్టిని తాకుతాయి. ఆ పాలలో సూక్ష్మక్రిములను ఎదుర్కొనే విలక్షణమైన ప్రోటీన్ ఒకటి ఉన్నది. దాని నిర్మాణాన్ని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2018లో వివరించారు.

ఎకిడ్నా పద్ధతి వేరు. సంతాన సమయంలో దాని పొట్టపై చర్మం ముడుచుకొని తాత్కాలికంగా ఒక సంచి ఏర్పడుతుంది. అది పెట్టే ఒకే ఒక గుడ్డు ఆ సంచిలోకే చేరుతుంది. 10 రోజులకు అర గ్రాము బరువైనా లేని పిల్ల పుడుతుంది. ఒంటిపై ముళ్ళు మొలవడం మొదలయ్యే వరకు, అంటే సుమారు 50 రోజులు, అది సంచిలోనే పాలు త్రాగుతూ ఉంటుంది. ఆపై తల్లి దానిని బొరియలో దాచి, కొన్ని రోజులకు ఒకసారి వచ్చి పాలిచ్చి పోతుంది.

ఈ జీవుల తక్కిన లక్షణాలూ వింతగానే ఉంటాయి. ప్లాటిపస్ నీటిలో మునిగినప్పుడు కళ్ళు, చెవులు, ముక్కురంధ్రాలు మూసుకొంటుంది. అయినా ఆహారాన్ని పట్టగలదు. ఏ ప్రాణి కండరాలు కదిలినా అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును గుర్తించే గ్రాహకాలు దాని ముక్కుపై సుమారు 40,000 ఉన్నాయి. ఈ శక్తి 1986లో వెల్లడైనది. మగ ప్లాటిపస్ వెనుక కాళ్ళపై విషపు ముల్లు ఉంటుంది. అది గుచ్చుకొంటే మనిషి చనిపోడు గాని వారాల తరబడి భరింపరాని బాధ అనుభవిస్తాడు. దానికి జఠర రసాన్ని స్రవించే జీర్ణాశయం లేదు. శరీర ఉష్ణోగ్రత 32 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. మానవునిలో లింగ నిర్ణయం చేసే క్రోమోజోములు రెండు కాగా, ప్లాటిపస్‌లో అవి పది.

ఇన్ని వింతలను చూసి, ఇది ప్రకృతి సగంలో వదిలివేసిన బొమ్మ అని కొందరు తలచారు. ఆ తలపు సరికాదు. 2008లో ప్లాటిపస్ జన్యురాశిని శాస్త్రజ్ఞులు తొలిసారిగా చదివారు. పక్షులలో పచ్చసొనను తయారుచేసే జన్యువులలో ఒకటి ప్లాటిపస్‌లో నేటికీ పనిచేస్తున్నది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులు సైతం దానిలో ఉన్నాయి. ఆవులోను, మానవునిలోను కేసీన్ జన్యువులు ఉన్నాయి గాని, పచ్చసొన జన్యువులు పనిచేయడం లేదు. వాటి శిథిలాలు మాత్రం మానవుని జన్యురాశిలో ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. కూలిన ఇంటి పునాది రాళ్ళు ఒకప్పుడు అక్కడ ఇల్లు ఉండేదని చెప్పినట్లు, మానవుని పూర్వ ప్రాణులు గుడ్లు పెట్టేవని ఈ శిథిలాలు చెబుతున్నాయి.

దీనిని బట్టి ఒక గొప్ప సత్యం బోధపడుతున్నది. క్షీరదాల చరిత్రలో ముందు వచ్చినవి పాలు. పిల్లను గర్భంలో మోసి కనడం తరువాత వచ్చినది. గుడ్డు పెట్టే తల్లులే మొదట పాలిచ్చారు. పాల వలన పోషణ లభించే కొలది పచ్చసొన అవసరం తగ్గింది. ఏకరంధ్ర జీవుల శాఖ తక్కిన క్షీరదాల నుండి సుమారు 18 కోట్ల సంవత్సరాలకు పూర్వమే విడిపోయినదని అంచనా. విడిపోయిన శాఖ గుడ్డును విడువలేదు, ఎదగడమూ మానలేదు. విద్యుత్తును పసిగట్టే ముక్కు అది స్వయంగా సాధించుకొన్న సంపద.

ఈ చరిత్రకు తెలుగు నేలతో సంబంధం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో గుడ్డు కొరకు వెదకులాట సాగుతున్న కాలంలోనే, 1884-85లో, బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలలో త్రవ్వకాలు జరిగాయి. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటికి పూనుకోగా, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ త్రవ్వకాలు సాగించాడు. అక్కడ లభించిన ఎముకలను 1886లో రిచర్డ్ లిడెక్కర్ వివరించాడు. వాటిలో ఒక ఖడ్గమృగపు జాతికి కర్నూలు పేరే పెట్టబడింది. అలుగు జాతికి చెందిన ఎముక కూడా వాటిలో ఉన్నది. నల్లమల అడవులలో నేటికీ జీవిస్తున్న అలుగుకు దంతాలు లేవు. పొడవైన నాలుకతో చీమలను, చెదలను తింటుంది. ఎకిడ్నా చేసేదీ అదే. ఎకిడ్నా ఒంటిపై ఏదుపందికి ఉన్నట్లు ముళ్ళు ఉంటాయి. ఇంత పోలిక ఉన్నా అలుగు, ఏదుపంది పిల్లలను కంటాయి. ఎకిడ్నా గుడ్డు పెడుతుంది. ఒకే రకమైన జీవనం వేర్వేరు వంశాలకు ఒకే రూపాన్ని ఇవ్వగలదు. కనుక రూపాన్ని చూసి వంశాన్ని నిర్ణయించరాదు.

గుహలలోని ఎముకల కంటె ఎన్నో రెట్లు పాతవైన సాక్ష్యాలు ప్రాణహిత, గోదావరి లోయలో ఉన్నాయి. అక్కడి ‘కోట’ శిలలు రాక్షసబల్లులు సంచరించిన జురాసిక్ యుగానికి చెందినవి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి వద్ద లభించిన కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలిపారు. ఆ శిలలలోనే ఆవగింజంత దంతాలు కూడా దొరికాయి. అవి ఎలుక కంటె చిన్నవైన ఆదిమ క్షీరదాల దంతాలు. వాటిలో ఒకదానికి 1981లో పి.ఎం. దత్తా, శాస్త్రజ్ఞుడు హాల్డేన్ గౌరవార్థం ‘కోటథీరియం హాల్డేనీ’ అని పేరు పెట్టాడు. ఇవి ప్లాటిపస్‌లు కావు. కాని ఆ కాలపు క్షీరదాలు గుడ్లు పెట్టేవని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఆనాడు భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా కలిసి ఒకే మహాఖండంగా ఉండేవి. దాని పేరు గోండ్వానా. గోండుల నేల నుండే ఆ పేరు ప్రపంచానికి అందింది. ప్లాటిపస్ బంధువు దంతం దక్షిణ అమెరికాలో లభించినట్లు 1992లో ప్రకటించడంతో ఈ జీవులు ఒకప్పుడు ఆస్ట్రేలియాకే పరిమితం కావని రుజువైనది.

కోట్ల సంవత్సరాలు నిలిచిన ఈ వంశానికి నేడు ముప్పు ఏర్పడింది. ఆనకట్టలు, కరవులు, నీటిలో పన్నే వలల వలన ప్లాటిపస్‌ల సంఖ్య అనేక నదులలో తగ్గుతున్నది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2021లో దీనిని ప్రమాదానికి లోనైన జాతిగా ప్రకటించింది. 1961లో లభించిన ఒకే ఒక నమూనా ద్వారా తెలిసిన ఒక ఎకిడ్నా జాతి, 2023లో ఇండొనేషియాకు చెందిన పాపువా కొండలలో కెమెరాకు చిక్కి, ఇంకా బ్రతికే ఉన్నదని తెలిపింది. ఈసారి దానిని చంపవలసిన అవసరం కలుగలేదు. నల్లమలలోని అలుగుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించినా, పొలుసుల కొరకు వేటాడేవారి బెడద తప్పడం లేదు.

మనిషి తన సౌకర్యం కొరకు ప్రాణులను వర్గాలుగా విభజించాడు. ప్రాణులు ఆ విభజనను చూసి పుట్టలేదు. ప్లాటిపస్ నిర్వచనానికి లొంగలేదు. శాస్త్రమే తన నిర్వచనాన్ని సవరించుకొన్నది. సాక్ష్యం ఎదురైనప్పుడు అభిప్రాయాన్ని మార్చుకోవడమే శాస్త్రానికి బలం. ఆ సాక్ష్యం పండితుని నోట వచ్చినా, నది ఒడ్డున నివసించే ఆదివాసి నోట వచ్చినా దానిని సమానంగా పరీక్షించడం శాస్త్రానికి ధర్మం. ఒక జాతి అంతరిస్తే అది చెప్పవలసిన సాక్ష్యం దానితోనే అంతరిస్తుంది. గుడ్డు పెట్టి పాలిచ్చే ఈ తల్లులు ఒక్క శతాబ్దం ముందు అంతరించి ఉంటే, గర్భం కంటె పాలు ప్రాచీనమన్న సంగతి ఇంత స్పష్టంగా ఎవరికీ తెలిసి ఉండేది కాదు.