బీరువాలో దొరికిన వాచీ

ఇంట్లో పెద్దాయన పోయి, సంవత్సరీకాలు కూడా అయిన తరువాత, బీరువా సర్దే రోజు ఒకటి వస్తుంది. దస్తావేజులు, పాత రసీదులు, కళ్ళజోడు, వీటి మధ్య ఒక వాచీ. కళ్ళజోడును ఏం చేయాలో ఎవరికీ సందేహం ఉండదు. వాచీ దగ్గరే వస్తుంది పేచీ.

చిలకలూరిపేట దగ్గర మా పిన్నిగారి ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది. బాబాయిగారి బీరువాలో రెండు వాచీలు బయటపడ్డాయి. ఒకటి పెళ్ళిలో మామగారు పెట్టిన ఫావర్ లూబా, బంగారు రంగుది. రెండోది హెచ్.ఎం.టి. జనతా. మిరపకాయలు అమ్మిన డబ్బుతో ఆయన స్వయంగా కొనుక్కున్నది.

"పెళ్ళి వాచీ బాగు చేయిద్దాం. జనతా ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు పెద్దవాడు.

"రెండూ అమ్మేస్తే సరి అన్నయ్యా. టైము చూసుకోవటానికి సెల్‌ఫోను లేదా?" అన్నాడు చిన్నవాడు.

పిన్ని మటుకు ఏమీ అనలేదు.

మర్నాడు ముగ్గురం గుంటూరు వెళ్ళాం. పాతకాలపు పనివాడు ఒకాయన కంటికి భూతద్దం బిగించుకుని రెండింటి వెనక మూతలూ తీశాడు. ఫావర్ లూబాను అటూ ఇటూ తిప్పి, "బాబూ, దీని మొహం ఒకరిది, గుండె ఇంకొకరిది" అన్నాడు. డయలు మీదున్న పేరు లోపలి యంత్రం మీద లేదు. డయలుకు ఎవరో కొత్తగా రంగు వేశారు. జనతాలో మాత్రం అన్నీ దాని సొంత భాగాలే. దుమ్ము పట్టి, నూనె జిగురై ఆగిపోయింది, అంతే.

ఇలాంటి అతుకుల వాచీలు దేశంలో కొల్లలుగా ఉన్నాయి. వాటి వెనక కొంత చరిత్ర ఉంది. ఒకప్పుడు మన దేశంలో చేతిగడియారమంటే సీమసరుకే. ఫావర్ లూబా, వెస్ట్ ఎండ్ వంటి స్విట్జర్లాండు కంపెనీలు పందొమ్మిదో శతాబ్దం నుంచే బొంబాయిలో వ్యాపారం చేశాయి. మన పెళ్ళిళ్ళలో అల్లుడికి వాచీ, సైకిలు పెట్టటం మర్యాదగా సాగిన కాలంలో ఆ పేర్లకు గొప్ప విలువ ఉండేది. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలుపెట్టింది. గుమాస్తాకూ, మేష్టారుకూ, రైతుకూ వాచీ అందుబాటులోకి వచ్చింది. 1969లో జపానులోనే సీకో కంపెనీ బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ చేతిగడియారాన్ని అమ్మకానికి పెట్టింది. క్రమంగా కీ వాచీలు వెనకబడ్డాయి. 2016లో కేంద్రప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని నిర్ణయించింది. పాతవాటికి గిరాకీ పెరిగింది. చచ్చిన నాలుగు వాచీల భాగాలతో ఒకటి తయారుచేసి, డయలుకు రంగు పూసి, అపురూపమైనదని అమ్మేవారూ పుట్టుకొచ్చారు.

మరి మన వాచీ సంగతి ఎలా తేల్చుకోవాలి?

మొదట, ఏళ్ళ తరబడి పడివున్న వాచీకి గబగబా కీ ఇచ్చి నడిపించవద్దు. కీ వాచీల్లో చాలా రకాలు సెకనుకు 5 సార్లు కొట్టుకుంటాయి. అంటే రోజుకు 4,32,000 సార్లు. ఎండిన నూనెతో అన్ని దెబ్బలు పడితే సన్నని ఇరుసులు అరిగిపోతాయి. ముందు మూత తీయించండి. యంత్రం మీది పేరూ, డయలు మీది పేరూ ఒకటేనా? తుప్పు ఉందా? మన ప్రాంతంలో వాచీకి ముగ్గురు శత్రువులు: పత్తి నూగు, మిరప దుమ్ము, ఎండాకాలపు చెమట. చెమట కీ సందులోంచి దిగి లోపలి కాడను తినేస్తుంది. దుమ్మూ జిగురూ కడిగితే పోతాయి. తుప్పు పళ్ళచక్రాల దాకా పాకితే మటుకు ఖర్చుకు అంతుండదు.

రెండోది, విడిభాగాలు. జనతా వంటివి లెక్కలేనన్ని తయారైనాయి కనుక, పాత వాచీలోంచి తీసైనా వేయగలరు. ఎవరూ ఎరుగని పేరు గలదైతే, ఇరుసు విరిగినా వేరేది దొరకటం కష్టం.

మూడోది, సర్వీసు అంటే ఏమిటో ముందే మాట్లాడుకోవాలి. యంత్రాన్ని విప్పకుండా పెట్రోలులో ముంచి తీయటం సర్వీసు కాదు. ప్రతి భాగమూ విడదీసి, కడిగి, చోటు చూసి నూనె బొట్టు పెట్టాలి. ఇచ్చేముందు లోపలి యంత్రానికి ఒక ఫోటో తీసుకోండి. మార్చిన భాగాలు తిరిగి ఇమ్మని అడగండి. డయలుకు రంగు వేస్తామంటే ఒప్పుకోవద్దు. మాసిన మొహమే దాని అసలు మొహం. 1960లకు ముందటి వాచీల్లో చీకట్లో వెలిగేందుకు ముళ్ళకూ అంకెలకూ పూసిన పూత ఉంటే దాన్ని గోకవద్దు. అది రేడియం కావచ్చు. వెలుగు పోయినా రేడియం పోదు. 1,600 ఏళ్ళకు గాని సగం తరగదు.

కొనేవారికి లెక్క వేరు. వాచీకి 2,000 రూపాయలు అడిగారనుకోండి. సర్వీసుకు మరో 1,000, బెల్టుకు 300 అనుకుంటే, మీరు కొనేది 3,300 రూపాయల వాచీ. ఆ ధరకు కూడా ముచ్చటపడితేనే కొనండి. లాభానికి అమ్ముకోవచ్చుననుకుని మటుకు వద్దు. తాతగారి వాచీకి ఈ లెక్క సరిపోదు. బజారులో దాని ధర కంటే సర్వీసు ఖర్చే ఎక్కువ కావచ్చు. అయినా, యంత్రం దాని సొంతదై, తుప్పు లేకపోతే, ఆ ఖర్చు దండుగ కాదు.

సాయంత్రం ఇంటికి వచ్చి పనివాడి మాట చెప్పాం. పెద్దవాడి మొహం చిన్నబోయింది. పిన్ని తొణకలేదు.

"నాకు తెలుసు నాయనా. పత్తికి తెల్లదోమ తగిలిన ఏడు పురుగుమందుల బాకీ కింద పెళ్ళి వాచీ పోయింది. మా పుట్టింటివాళ్ళు అడుగుతారేమోనని మీ నాన్న అచ్చం అలాంటిదే ఎక్కడో చూసి కొనుక్కొచ్చారు. ఒక్కనాడూ చేతికి పెట్టుకోలేదు. ఆయన పెట్టుకున్నది జనతాయే" అన్నది.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను తెల్లదోమ ఎలా ముంచిందో ఈ వైపువారికి చెప్పనక్కరలేదు. ప్రాణాలే తీసుకున్నవారున్నారు. ఆ ఏడు పోయింది వాచీ ఒక్కటే అయినందుకు పిన్ని ఈనాటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది.

జనతాను బాగు చేయించారు. సెల్‌ఫోను లేదా అన్న చిన్నవాడే దాన్ని పెట్టుకుని, రోజూ పొద్దున్నే కీ ఇస్తున్నాడు. రోజుకు ఒక నిమిషం వెనకబడుతున్నదట. ఆ వయసు వాచీకి అది తప్పేమీ కాదు.

రెండోదాన్ని బాగు చేయించలేదు. అమ్మనూ లేదు. బీరువాలో దాని చోట అది ఉంది.