మలేషియా ఎయిర్‌లైన్స్ 370 విమాన అదృశ్యంపై స్పందనలు

మలేషియా ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 370 (సంక్షిప్తంగా ఎం.హెచ్.370) 2014 మార్చి 8న మలేషియా రాజధాని కౌలాలంపూర్ నుండి చైనా రాజధాని బీజింగ్‌కు వెళ్తూ అదృశ్యమైన ప్రయాణీకుల విమానం. ఇందులో 227 మంది ప్రయాణీకులు, 12 మంది సిబ్బంది, మొత్తం 239 మంది ఉన్నారు. సాధారణంగా విమానం కూలినపుడు శకలాలు, మృతదేహాలు, బ్లాక్ బాక్స్ లభిస్తాయి. అంత్యక్రియలు, విచారణ, నష్టపరిహారం వంటివన్నీ వాటిని ఆధారంగా చేసుకొని సాగుతాయి. ఈ ఘటనలో మొదటి పదహారు నెలల పాటు అటువంటి ఆధారం ఒక్కటి కూడా లభించలేదు. అందువలన బంధువులు, ప్రభుత్వాలు, పత్రికలు, విమానయాన సంస్థలు దీనికి స్పందించిన తీరు ఇతర ప్రమాదాల కంటే భిన్నంగా ఉంది. విమానం అదృశ్యం కావడానికి గల కారణాలను గాక, ఆ స్పందనలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

బోయింగ్ 777 రకానికి చెందిన ఈ విమానం స్థానిక కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటిన తరువాత 12:42కు బయలుదేరింది. 1:19కి కాక్‌పిట్ నుండి చివరి మాట వినిపించింది. రెండు నిమిషాల తరువాత, మలేషియా, వియత్నాం గగనతలాల సరిహద్దు వద్ద, పౌర విమానయాన రాడార్ తెరపై నుండి విమానం మాయమైంది. అది వెనుకకు మళ్ళి మలయా ద్వీపకల్పాన్ని దాటి అండమాన్ సముద్రం వైపు వెళ్ళినట్లు సైనిక రాడార్‌లో నమోదైంది. 2:22 తరువాత ఆ రాడార్‌కు కూడా అందలేదు. అయితే ఇన్‌మార్‌శాట్ సంస్థకు చెందిన ఉపగ్రహంతో విమానంలోని పరికరం ఉదయం 8:19 వరకు సంకేతాలను ఇచ్చిపుచ్చుకున్నది. దగ్గరకు వచ్చే రైలు కూతకూ, దూరంగా పోయే రైలు కూతకూ స్వరంలో తేడా ఉన్నట్లే, ఈ సంకేతాల పౌనఃపున్యంలో కూడా స్వల్పమైన తేడాలు ఉన్నాయి. వాటిని లెక్కించిన నిపుణులు విమానం హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో కూలి ఉంటుందని నిర్ధారణకు వచ్చారు.

తొలి రోజుల ప్రకటనలు, సవరణలు

విమానం బీజింగ్ చేరవలసిన సమయం ఉదయం 6:30. సంబంధాలు తెగిపోయిన సంగతిని సంస్థ 7:24కు ప్రకటించింది. రాత్రి 2:40కి సంబంధం తెగిందని మొదట చెప్పి, తరువాత దానిని 1:30గా సవరించారు. కాక్‌పిట్ నుండి వచ్చిన చివరి మాటలుగా మొదట ప్రచారమైన వాక్యాన్ని కూడా మార్చి, అవి "గుడ్ నైట్ మలేషియన్ త్రీ సెవెన్ జీరో" అని నెల చివర వెల్లడించారు. అన్నిటికంటే పెద్ద విమర్శకు గురైనది సైనిక రాడార్ సమాచారం. విమానం పడమటికి మళ్ళిందని సైన్యం వద్ద ఆధారం ఉన్నప్పటికీ, తొలి వారమంతా తూర్పున దక్షిణ చైనా సముద్రంలో కూడా గాలింపు కొనసాగింది. మార్చి 15న ప్రధానమంత్రి నజీబ్ రజాక్, విమానాన్ని ఎవరో ఉద్దేశపూర్వకంగా దారి మళ్ళించినట్లు కనిపిస్తున్నదని ప్రకటించిన పిమ్మట ఆ సముద్రంలో గాలింపు నిలిపివేశారు. మొత్తం 26 దేశాలు గాలింపులో పాల్గొన్నాయి. ఇన్ని దేశాల సమాచారాన్ని సమన్వయపరచడం కష్టమైన పని అనీ, ధ్రువపడని విషయాలను వెల్లడించలేకపోయామనీ మలేషియా అధికారులు సమాధానమిచ్చారు. ఏమైనా, ఒకసారి పోయిన నమ్మకం తిరిగి రాలేదు.

ప్రయాణీకుల బంధువులు

విమానంలోని వారిలో 153 మంది చైనీయులు, 50 మంది మలేషియన్లు (సిబ్బందితో కలిపి). ఇండోనేషియా, ఆస్ట్రేలియా, భారత్, ఫ్రాన్స్ మొదలైన దేశాలవారు మిగిలినవారు. చైనా ప్రయాణీకుల బంధువులు బీజింగ్‌లోని ఒక హోటల్‌లో వారాల తరబడి వేచి ఉన్నారు.

మార్చి 24న, విమాన ప్రయాణం హిందూ మహాసముద్రంలో ముగిసిందని ప్రధానమంత్రి ప్రకటించారు. అంతకు కొద్దిసేపటి ముందు, ఎవరూ ప్రాణాలతో లేరన్న సమాచారాన్ని విమాన సంస్థ కొందరు బంధువులకు సెల్‌ఫోన్ సందేశం ద్వారా ఆంగ్లంలో పంపింది. వీలైనంతమందికి స్వయంగానూ, ఫోన్‌లోనూ తెలిపామని, పత్రికల ద్వారా తెలియడం కంటే ముందుగా అందరికీ చేరాలనే సందేశం పంపామని సంస్థ వివరణ ఇచ్చింది. అయినా ఈ పద్ధతి ప్రపంచవ్యాప్తంగా విమర్శల పాలైంది. మరునాడు వందలాది బంధువులు బీజింగ్‌లోని మలేషియా రాయబార కార్యాలయం వద్ద నిరసన తెలిపారు. ఒక్క శకలం కూడా చూపకుండా, కేవలం లెక్కల ఆధారంగా తమవారు మరణించారని ఎలా చెప్పగలరన్నది వారి ప్రశ్న.

తెలుగు పత్రికలు తుఫానులో తిరిగి రాని మత్స్యకారుల గురించి "గల్లంతు" అనే మాట వాడతాయి. మరణించారని గాని, జీవించి ఉన్నారని గాని ఆ మాట చెప్పదు. ఎం.హెచ్.370 బంధువుల స్థితి కూడా ఇదే. కర్మకాండ జరిపితే ఆశ వదులుకున్నట్లు, జరపకపోతే దుఃఖం తీరనట్లు అవుతుంది. దీనికి తోడు వారసత్వం, బీమా, బ్యాంకు ఖాతాల వంటి వాటికి మరణ ధ్రువీకరణ అవసరం. 2015 జనవరి 29న మలేషియా ప్రభుత్వం ఈ ఘటనను ప్రమాదంగాను, అందరూ మరణించినట్లుగాను అధికారికంగా ప్రకటించింది. నష్టపరిహారానికి దీనివల్ల మార్గం ఏర్పడింది. కాని పలువురు బంధువులు దీనిని గాలింపు ముగించడానికి తొలి మెట్టుగా భావించి వ్యతిరేకించారు. బంధువులు ఏర్పరచుకున్న "వాయిస్ 370" అనే సంఘం ప్రతి సంవత్సరం సంస్మరణ సభలు జరుపుతూ గాలింపు కొనసాగించాలని కోరుతూ వచ్చింది.

చైనా, మలేషియా, భారత్

చైనా ప్రభుత్వం తన ఉప విదేశాంగ మంత్రి ద్వారా ఉపగ్రహ సమాచారాన్ని పూర్తిగా ఇవ్వాలని మలేషియాను కోరింది. కొందరు చైనా సినీ నటులు మలేషియాను బహిరంగంగా విమర్శించారు. మలేషియాకు వచ్చే చైనా పర్యాటకుల సంఖ్య కూడా తగ్గింది.

కౌలాలంపూర్ విమానాశ్రయంలో ప్రజలు తమ ప్రార్థనలను, సందేశాలను గోడలపై వ్రాసిపెట్టారు. ఒక మంత్రగాడు కొబ్బరికాయలతో విమానాశ్రయంలో పూజ చేయగా, దేశం నవ్వులపాలైందని పలువురు మలేషియన్లే బాధపడ్డారు. విమాన సంస్థ గౌరవసూచకంగా 370 సంఖ్యను విరమించి, ఆ సర్వీసుకు 318 అనే సంఖ్యను ఇచ్చింది. అదే సంవత్సరం జూలై 17న ఇదే సంస్థకు చెందిన మరో విమానం ఉక్రెయిన్ మీదుగా ఎగురుతూ క్షిపణి దాడికి కూలిపోవడంతో సంస్థ ఆర్థికంగా దెబ్బతిన్నది. ప్రభుత్వం దానిని పూర్తిగా తన అధీనంలోనికి తీసుకొని పునర్వ్యవస్థీకరించింది.

విమానంలో ఐదుగురు భారతీయులు ఉన్నారు. మలేషియా కోరికపై భారత నౌకాదళం, వైమానిక దళం, తీర రక్షక దళం అండమాన్ సముద్రంలోనూ, బంగాళాఖాతంలోనూ గాలింపు జరిపాయి.

ఊహాగానాలు

ఇద్దరు ఇరాన్ పౌరులు దొంగిలించబడిన పాస్‌పోర్టులతో ప్రయాణించినట్లు తేలడంతో తొలుత ఉగ్రవాదంపై అనుమానాలు కలిగాయి. వారికి ఉగ్రవాదంతో సంబంధం కనిపించలేదు. అయితే తమ జాబితాలో ఉన్న ఆ పాస్‌పోర్టులను ఏ దేశమూ సరిచూడలేదని ఇంటర్‌పోల్ ఆక్షేపించింది. అమెరికా వార్తా ఛానెల్ సి.ఎన్.ఎన్. వారాల తరబడి ఇదే వార్తను ప్రసారం చేసింది. కృష్ణబిలం మింగివేసిందా అన్న ప్రశ్న కూడా ఆ ప్రసారాలలో వచ్చింది. మరోవైపు, "టామ్‌నాడ్" అనే వేదిక ద్వారా లక్షలాది సామాన్యులు ఉపగ్రహ చిత్రాలను ఇళ్ళ నుండే పరిశీలించి విమానాన్ని వెదికారు.

శకలాలు, నివేదిక

2015 జూలై 29న రీయూనియన్ ద్వీపంలో రెక్క భాగమైన ఫ్లాపెరాన్ ఒడ్డుకు కొట్టుకువచ్చింది. అది ఈ విమానానిదేనని మలేషియా ఆగస్టు తొలి వారంలోనే ప్రకటించగా, ఫ్రెంచి అధికారులు సెప్టెంబరు వరకు ఆగి ధ్రువీకరించారు. ఈ తేడా కూడా బంధువుల సందేహాలను పెంచింది. తరువాత ఆఫ్రికా తూర్పు తీరంలోనూ, సమీప ద్వీపాలలోనూ మరికొన్ని శకలాలు దొరికాయి.

1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భాన్ని గాలించిన ఆస్ట్రేలియా, మలేషియా, చైనాలు 2017 జనవరి 17న గాలింపు ఆపివేశాయి. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ సంస్థ, విమానం దొరికితేనే రుసుము అనే షరతుపై జరిపిన గాలింపు కూడా ఫలించలేదు. అదే సంవత్సరం జూలైలో వెలువడిన తుది నివేదిక కారణాన్ని తేల్చలేకపోయింది. గగనతల నియంత్రణ కేంద్రాల లోపాలను అది ఎత్తిచూపగా, మలేషియా పౌర విమానయాన అధిపతి రాజీనామా చేశారు. 2025 మార్చిలో మలేషియా అదే సంస్థతో మరల ఒప్పందం చేసుకున్నది.

విమానయాన నిబంధనలలో మార్పులు

జేబులోని సెల్‌ఫోన్ జాడ తెలిసే కాలంలో అంత పెద్ద విమానం జాడ తెలియకపోవడం ఏమిటన్న ప్రశ్న సర్వత్రా వినిపించింది. రాడార్ పరిధి తీరం నుండి కొన్ని వందల కిలోమీటర్లకు మించదు. నడిసముద్రంలో విమానమే తన స్థానాన్ని తెలపాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సముద్రాలపై ఎగిరే పెద్ద విమానాల స్థానం కనీసం 15 నిమిషాలకొకసారి నమోదు కావాలనే నిబంధనను 2018 నవంబరు నుండి అమలులోనికి తెచ్చింది. ఆపదలో ఉన్న విమానం తనంతట తానే నిమిషానికొకసారి స్థానం తెలిపే ఏర్పాటును కొత్త విమానాలకు నిర్దేశించింది. బ్లాక్ బాక్స్‌ను గుర్తించడానికి నీటిలో సంకేతాలిచ్చే పరికరపు బ్యాటరీ కాలాన్ని 30 రోజుల నుండి 90 రోజులకు పెంచారు.

ఇతర ఘటనలతో పోలిక

2009 జూన్ 1న అట్లాంటిక్ మహాసముద్రంలో 228 మందితో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానపు శకలాలు కొద్ది రోజులలోనే కనిపించాయి. అయినా బ్లాక్ బాక్సులు 2011 మే వరకు దొరకలేదు. 2016 జూలై 22న తాంబరం నుండి పోర్ట్‌బ్లెయిర్ (ప్రస్తుత శ్రీవిజయపురం) బయలుదేరిన భారత వైమానిక దళపు ఏ.ఎన్.-32 రవాణా విమానం 29 మందితో బంగాళాఖాతంపై అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున దాని శకలాలను గుర్తించినట్లు 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటించింది. ఏడున్నర సంవత్సరాల తరువాత ఆ కుటుంబాలకు తమవారి జాడ తెలిసింది. తమకు కూడా అటువంటి సమాధానం కావాలన్నదే ఎం.హెచ్.370 బంధువుల కోరిక.