ఆశ్చర్యము – ఆచరణ: తిరుమల కొండ చెప్పే పాఠము

ఆశ్చర్యము మానవునికి పుట్టుకతో వచ్చిన గుణము. చీకటిలో మిణుగురు పురుగును చూచిన పసివాడు కన్నులు పెద్దవి చేస్తాడు. మరుక్షణములో చేయి చాస్తాడు. చూపు వెంటనే చేయి కదలుట ఇక్కడ గమనింపదగిన విషయము. పెద్దవారిలో ఈ రెంటి నడుమ దూరము పెరుగుతుంది. ఒక వింతను చూచి “ఆహా” అని సాగిపోవుట ఒక పద్ధతి. “ఇది ఇట్లెందుకున్నది?” అని నిలబడి, కొలిచి, పోల్చి, పరీక్షించుట మరొక పద్ధతి. విజ్ఞానశాస్త్రము ఈ రెండవదాని నుండి పుట్టినది. ఇందుకు చక్కని నిదర్శనము తిరుపతి ఊరి అంచుననే ఉన్నది.

రెండు రాళ్ళు – నడుమ ఒక గీత

తిరుపతి నుండి తిరుమలకు పోయే ఘాటు రోడ్డులో కొండచరియలను శ్రద్ధగా చూచినచో, ఒకచోట రాతి స్వరూపము హఠాత్తుగా మారుట కనబడుతుంది. క్రింది భాగము గ్రానైటు. అందులో పొరలు లేవు. ఎండకు వానకు అరిగి గుండ్లు గుండ్లుగా ఉంటుంది. చిత్తూరు ప్రాంతపు పొలాల నడుమ కనబడే బండలు, గుట్టలు చాలవరకు ఈ జాతివే. పై భాగము క్వార్ట్‌జైటు. అది పుస్తకములు దొంతరగా పేర్చినట్లు పొరలు పొరలుగా ఉండి, గోడవలె నిటారుగా నిలుస్తుంది. అలిపిరి మెట్లదారిని ఎక్కే భక్తులు తెలియకుండానే మొదటి రాతి నుండి రెండవ రాతి మీదికి అడుగు వేస్తారు.

రాయి మారినంత మాత్రమున వింత ఏమున్నది? ఈ రెండు రాళ్ళు పుట్టిన తీరు తెలిస్తే వింత బయటపడుతుంది. గ్రానైటు భూమి ఉపరితలమున పుట్టదు. చాలా లోతున, కరిగిన శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారితే దానిలోని స్ఫటికములు కంటికి కనబడునంత పెద్దవిగా పెరుగుతాయి. క్వార్ట్‌జైటు మొదట ఇసుక. నీటి అడుగున పేరుకొని, పై పొరల బరువుకు నొక్కుకొని ఇసుకరాయి అయి, తరువాత ఇంకను గట్టిపడినది. ఆ నీటి అలలు ఇసుకపై గీచిన చారలు క్వార్ట్‌జైటు పలకలపై నేటికిని అక్కడక్కడ కనబడతాయి.

ఇప్పుడు ప్రశ్న: లోతున పుట్టిన గ్రానైటు మీద నీటి అడుగు ఇసుక నేరుగా వచ్చి ఎట్లు కూర్చున్నది? సమాధానము ఒక్కటే. ముందుగా గ్రానైటును కప్పియున్న రాతి భారమంతయు అరిగి కొట్టుకొనిపోవలెను. గ్రానైటు వెలుపలికి రావలెను. అటుపిమ్మట దానిపైకి నీరు రావలెను. ఇంత పని జరుగుటకు పట్టిన కాలమే ఆ రెండు రాళ్ళ నడుమనున్న గీత. కరణముగారి లెక్కల పుస్తకములో నడిమి పుటలు చిరిగిపోయినచో ఆ సంవత్సరములు గడవలేదని ఎవరును అనరు. లెక్క దొరకలేదని మాత్రమే అంటారు. ఇదియు అట్టిదే.

భూవిజ్ఞానులు దీనిని ‘ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ’ అంటారు. ఆర్కియన్ అనే అతి ప్రాచీన యుగపు శిలల పైన, శిలల వరుస తెగిన చోటు అని దీని భావము. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించినది. ఆ సంస్థ లెక్క ప్రకారము క్రింది శిలల వయస్సు 210 కోట్ల సంవత్సరములకు పైమాట; పై శిలల వయస్సు సుమారు 160 కోట్ల సంవత్సరములు. నడుమ దాదాపు 50 కోట్ల సంవత్సరముల విరామము. కొలత పద్ధతులు మెరుగైనకొలది ఇట్టి అంకెలు సవరణ పొందవచ్చును. వరుస తెగినదన్న మాట మాత్రము మారదు.

చూపు నుండి పనికి

ఇట్టి గీతకు అర్థము మొట్టమొదట చెప్పినవారిలో స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ హట్టన్ ముఖ్యుడు. ఆయన కొంతకాలము స్వయముగా వ్యవసాయము చేసినవాడు. వానకు పొలములోని మన్ను కొట్టుకొనిపోయి సముద్రములో చేరుట చూచి, కొత్త నేల ఎక్కడనో తయారుకానిచో భూమి ఏనాడో అరిగిపోయియుండవలెను కదా అని ఆలోచించినాడు. 1788లో మిత్రులతో పడవపై వెళ్ళి, సిక్కార్ పాయింట్ అనే సముద్రతీరపు గుట్టవద్ద నిటారుగా నిలిచిన పొరలపై అడ్డముగా పరుచుకొన్న పొరలను చూపించినాడు. భూమి చరిత్ర వేల సంవత్సరములతో తేలేది కాదని ఈ పరిశీలన చాటినది. సేద్యగాని ఆశ్చర్యము పడవ ప్రయాణముగా మారినందువలననే ఈ ఫలితము దక్కినది.

దక్షిణ దేశములో కడప, కర్నూలు శిలల వరుసను వివరించిన విలియం కింగ్ గ్రంథము 1872లో వెలువడినది. తరువాతి శతాబ్దములో పరమాణు శాస్త్రము తోడైనది. గ్రానైటులోని జిర్కాన్ అనే చిన్న స్ఫటికములో యురేనియము చిక్కుకొని ఉంటుంది. అది నియమిత వేగముతో సీసముగా మారుతుంది. యురేనియము-238లో సగము మారుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పడుతుంది. ఎంత సీసము చేరినదో కొలిచినచో స్ఫటికము పుట్టిన కాలము తెలుస్తుంది. ఇసుకరాయి విషయములో ఇది సూటిగా పనికిరాదు. ఏలయన దానిలోని రేణువులు తమకన్న పాతవైన రాళ్ళ నుండి వచ్చినవి. ఆ రేణువుల వయస్సు రాతి వయస్సు కాదు.

చేయి కదలిన తరువాత

ఆశ్చర్యము పనికి దారితీసినట్లే పనియు ఆశ్చర్యమునకు దారితీస్తుంది. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో ప్రారంభమైనది. దారికొరకు కొండను కోసిన చోట్ల, ఆకులు మన్ను తొలగి, రాతి ముఖము వెలుపలికి వచ్చినది. అయితే ఆ కోత కొండకు ఒక బలహీనతను కూడ తెచ్చినది. క్వార్ట్‌జైటు రేణువులు మిక్కిలి గట్టివి. కాని రాతి నిండ నిలువు పగుళ్ళు, అడ్డుపొరలు కలవు. పగులులో వాననీరు దిగుతుంది, చెట్టువేరు దూరుతుంది, క్రింది ఆధారము తరిగినప్పుడు పెద్ద దిమ్మ ఊడిపడుతుంది. 2021 డిసెంబరు మొదట, భారీ వర్షముల వెనుక, బండలు దొర్లి తిరుమలకు ఎక్కే రోడ్డు దెబ్బతిని రాకపోకలు ఆగిపోయినవి. కనుక పగుళ్ళ దిశను కొలుచుట, వదులు రాళ్ళను ముందే దింపుట, నీరు పోవుటకు కాలువ తీయుట, ఇనుప వల బిగించుట – ఇవి యాత్రికుని ప్రాణముతో ముడిపడిన పనులు. ఏ పగులు ఎటు వాలినదో చూడకుండ ఈ పనులేవియు సాధ్యము కావు.

చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతములో గ్రానైటు తీసే పనివారికి ఇట్టి చూపు అలవాటే. ఉలి పెట్టుటకు ముందు రాయి ఎటు చీలుతుందో చూస్తారు. సుత్తెతో తట్టి ధ్వని వింటారు. చూడకుండ కొట్టిన దెబ్బకు మంచి రాయి ముక్కలవుతుంది. చూచి ఊరకున్నచో రాయి రాయిగనే ఉంటుంది.

తిరుమలలోని శిలాతోరణమును ఏటేట అసంఖ్యాకులు చూస్తారు. క్వార్ట్‌జైటులో బలహీనమైన భాగము గాలికి నీటికి అరిగిపోగా మిగిలిన సహజమైన వంపు అది. దానిని భక్తితో చూచుటకును, అది నిలిచిన కారణము వెదకుటకును వైరము లేదు. ఆశ్చర్యము చల్లారనంతవరకు రెండును సాగవచ్చును.

పాఠశాలలో దీనిని బోధించుట సులభము. గాజుసీసాలో మన్ను, ఇసుక, నీరు పోసి కలిపి నిలిపినచో ముతకది ముందు, సన్ననిది తరువాత దిగుతుంది. స్వర్ణముఖి నది ఇసుకను భూతద్దముతో చూచినచో గ్రానైటు నుండి విడివడిన గాజువంటి క్వార్ట్‌జు రేణువులు కనబడతాయి. 160 కోట్ల సంవత్సరముల నాటి పని నేటికిని ఆగలేదని విద్యార్థికి అప్పుడు బోధపడుతుంది. పిమ్మట కొండ దిగువన నిలబెట్టి, గీత ఎక్కడున్నదో తానే బొమ్మ గీయుమని చెప్పవలెను. దాని పేరు ఆ తరువాత చెప్పినను ఆలస్యము కాదు.