రెండు తీగెలపై జాజ్ సంగీతము

మన విద్యార్థులలో గిటారు నేర్చుకొనువారు ఏటేట పెరుగుచున్నారు. అది సంతోషింపదగిన విషయమే. కాని పద్యనాటకమునకు పేరుగన్న బళ్ళారిలో పద్యము పాడుచున్న బాలుని ప్రక్కన నిలిచి ఆరు తీగెలను ఒక్కుమ్మడిగా మీటినచో సాహిత్యమెవ్వరికి వినబడును? జాజ్ సంగీతమున గిటారు విద్వాంసులు ఇట్టి చిక్కునే ఎదుర్కొని దానికొక చక్కని ఉపాయమును కనుగొనిరి.

ఒకేసారి మ్రోగు స్వరముల కూడికను కార్డు అందురు (రేషను కార్డు గాదు సుమా!). శంకరాభరణములో స, గ, ప లను కలిపి మీటినచో అదొక కార్డు. జాజ్ వారికి మూడు స్వరములు చాలవు. సాధారణముగా పై నిషాదమును గూడ చేర్చుదురు. ఒక్కొక్కప్పుడు ఇంకను పై స్వరములకు పోవుదురు. స్వరములు హెచ్చిన కొలది మ్రోత దట్టమగును. తీగెలను నొక్కుటకు ఎడమచేతి వ్రేళ్ళు నాలుగే గదా! కావున దేనిని ఉంచవలెను, దేనిని విడువవలెను, ఏది క్రింద, ఏది పైన అను విచారము తప్పనిసరి యైనది. ఈ కూర్పునే వాయిసింగు అందురు. అవే పదములను వేరు వరుసలో కూర్చినచో పద్యపు నడక మారునట్లు, అవే స్వరములను వేరు వరుసలో కూర్చినచో కార్డు నాదము మారును.

మొదట విడువదగినది ఆధారస్వరమునకు పంచమము. అది ఆధారస్వరముతో మిక్కిలి కలిసిపోవును గనుక లేకున్నను లోటు తెలియదు. ఆధారస్వరమును బేస్ వాయించువాడు వినిపించును. దానిని గూడ విడువవచ్చును. మిగిలినవి మూడవది, ఏడవది. కార్డు యొక్క స్వభావమంతయు ఈ రెండింటిలోనే యున్నది.

ఇక గిటారు చేతబట్టుడు. సన్నని తీగెను మొదటిదిగా లెక్కించి, మూడవ, నాలుగవ తీగెలను మాత్రమే మీటుడు. పాశ్చాత్యుల సి స్వరమే మన షడ్జ మనుకొనుడు. రిషభము ఆధారముగా గల కార్డునకు మూడవది మధ్యమము, ఏడవది షడ్జము: నాలుగవ తీగెపై మూడవ మెట్టు, మూడవ తీగెపై అయిదవ మెట్టు. పిదప పంచమము ఆధారముగా గల కార్డు. మధ్యమము కదలదు, మూడవ తీగెపై వ్రేలు అయిదవ మెట్టునుండి నాలుగవ మెట్టునకు దిగి నిషాదమును పలికించును. తుదకు షడ్జపు కార్డు. ఈసారి నిషాదము నిలుచును. నాలుగవ తీగెపై వ్రేలు మూడవ మెట్టునుండి రెండవ మెట్టునకు జారి గాంధారమగును. మూడు కార్డులు మారినవి. చేయి ఇంచుమించు కదలనేలేదు! జాజ్ పాటలలో మాటిమాటికి వచ్చు నడక యిదే.

కౌంట్ బేసీ బృందమున 1937 మొదలు 1987లో మరణించువరకు గిటారు వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ కొలది స్వరములతోనే, ఒక్కొక్కప్పుడు ఒక్క తీగెతోనే, అంతటి పెద్ద మేళమును నడిపించెను. జాంగో రైన్‌హార్ట్ కథ మరియొక విధమైనది. 1928లో జరిగిన అగ్నిప్రమాదమున అతని ఎడమచేతి చివరి రెండు వ్రేళ్ళు చెడినవి. మిగిలిన రెండు వ్రేళ్ళకు లొంగు క్రొత్త పద్ధతిని సాధించి అతడు జగత్ప్రసిద్ధుడయ్యెను.

ఇది మన రాగములకు తగునా? తోడి వంటి రాగమున తగదనియే నా అభిప్రాయము. అందలి గాంధారము ఊగుచుండును; కార్డులోని గాంధారము ఒక్కచోట నిలిచియుండును. రెండును కలిసినచో చెవికి ములుకులే. ఆంగ్లేయ జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970వ దశకమున శక్తి బృందము కొరకు మెట్ల నడుమ లోతుగా చెక్కిన గిటారును చేయించుకొనెను. తీగెను లాగి గమకము పలికించుటకే ఆ యేర్పాటు. తరువాత రిమెంబర్ శక్తి బృందమున, 1969లో పాలకొల్లులో జన్మించిన మన మాండొలిన్ శ్రీనివాస్ అతని సరసన వాయించెను. శ్రీనివాస్ 2014లో దివంగతుడైనను ఆ ధ్వనిముద్రణములు లభించుచున్నవి. ఒకరు గమకము పలుకునపుడు రెండవవారు ఎచ్చట మీటుచున్నారో, ఎచ్చట ఊరకుండుచున్నారో గమనించుచు వినుడు.